నీళ్ళిచ్చేవాడు ఎటు చూస్తాడు

...అయినా బొమ్మలో ఉన్న ఆ కోణంలో సీసా వంచితే నీళ్ళు నోట్లోకి పోవు, ముక్కులోకి పోతాయి. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్ళుగా తనకి తట్టకపోవడమేమిటా అని అతను గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడి ఆలోచిస్తున్నాడు.

గదిలో అక్క బావకి చెంచాతో నీళ్ళు పడుతోంది. ఎడమచేతి బొటనవేలు బావ గడ్డం కింద ఆనించింది. చెంచా దగ్గరికి వెళ్తుంటే ఆవిడ నోరు కూడా కాస్త తెరుచుకుంటోంది. బావ మింగితే ఆవిడా మింగుతోంది. చూపు మాత్రం బావ పెదవుల మీంచి కదలటం లేదు. పక్కింటి గోడ కూలినా కదిలేట్టు లేదు.

నీళ్ళు పట్టే మనిషి నోటినే చూస్తుంది. ఇంకెటు చూస్తుంది?

అతను సైన్యం వారి మ్యూజియంలో చిత్రకారుడు. సైనికుడు కాదు, తుపాకీ ఎప్పుడూ ముట్టుకోలేదు. కాని బొమ్మల్లో ఎన్ని తుపాకులు వేశాడో అతనికే గుర్తు లేదు. వాటిల్లో గోడంత బొమ్మ ఒకటుంది. నదొడ్డు. యుద్ధం అప్పుడే ముగిసింది. మన సేనాని నిలబడి, మోకాళ్ళ మీద ఉన్న శత్రుసైనికుడి నోట్లోకి నీళ్ళసీసా వంచుతుంటాడు. వంచుతూ ఎటో దూరంగా చూస్తుంటాడు. ఆ చూపు అతను కనిపెట్టింది కాదు. పని నేర్పిన పాత మాస్టారు చెప్పిందే. "గెలిచినవాడు చరిత్రకేసి చూస్తాడోయ్, ఓడినవాడు నీళ్ళకేసి చూస్తాడు" అనేవాడాయన. అప్పట్లో అది చాలా గొప్పమాటలా వినిపించేది. చరిత్రకేసి చూస్తూ వంచిన నీళ్ళు ఎక్కడికి పోతాయో మాస్టారు చెప్పలేదు. ఆయన ఎవరికైనా ఎప్పుడైనా నీళ్ళు పట్టాడో లేదో ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

మాస్టారు నేర్పినవి ఇంకా చాలా ఉన్నాయి. గెలిచినవాడు రోజులతరబడి బురదలో పొర్లినా బట్టల ఇస్త్రీ చెదరదు. ఓడినవాడికి పైనుంచి రెండో గుండీ ఊడిపోయి ఉంటుంది. మొదటిది ఊడితే తాగినవాడిలా ఉంటాడు, మూడోది ఊడితే ఎవరికీ కనిపించదు. ఎండ ఎటు కాసినా వెలుగు మాత్రం గెలిచినవాడి వైపునుంచే రావాలి. ఖైదీల చేతులు వీపు వెనక్కి పోవాలి. కట్టేశారని కాదు, చేతులు గీయడం కష్టం. పైగా చేతులంటూ కనిపిస్తే అవి ఏదో ఒకటి అడుగుతున్నట్టే ఉంటాయి.

"ఏరా, అలా గుడ్లప్పగించి చూడకపోతే ఆ తువ్వాలు అందుకోకూడదూ?" అంది అక్క.

అందుకున్నాడు. బావ గడ్డం మీద జారిన నీళ్ళు ఆవిడే తుడిచింది. అతను బావ ముఖంలోకి చూడకుండా తువ్వాలు మళ్ళీ దండెం మీద వేశాడు.

ఆ పెద్ద బొమ్మలో మోకాళ్ళ మీద ఉన్నది బావ. ఆ సంగతి బావకి తెలీదు. నిలబడ్డవాడు తనేననుకుంటున్నాడు.

అలా అనుకోవడం బావ తప్పు కాదు. మొదట నిలబడ్డవాడు బావే. అప్పట్లో బావ బళ్ళో డ్రిల్లు మాస్టారు. మెడలో విజిలు, గొంతులో కంచు. కుర్రతనంలో సైన్యంలో చేరబోతే పాదాలు చదునుగా ఉన్నాయని తిప్పి పంపేశారట. ఆ కోపం ఆయన తరవాత బడి పిల్లల మోకాళ్ళ మీద తీర్చుకున్నాడు. అతను అక్కావాళ్ళింట్లోనే పెరిగాడు కాబట్టి ఇంట్లో కూడా ఆ విజిలు వినే లేచేవాడు. మ్యూజియంవాళ్ళు పెద్దబొమ్మ వెయ్యమన్నప్పుడు సేనాని ముఖానికి ఆయన కాక ఇంకెవరు తోస్తారు? బావ వంటింటి కిటికీ పక్కన పీట మీద కూర్చునేవాడు. కూర్చునే నిలబడ్డట్టు ఉండేవాడు.

"సేనాని మెడలో విజిలు ఉండదు బావా. తీసెయ్."

"నేను తియ్యను. వేసేటప్పుడు నువ్వు తీసుకో. కుంచె నీ చేతిలోనే ఉందిగా!"

"ఊపిరి వదులు. ఛాతీ అలా ఉబ్బిస్తే గుండీలు ఊడతాయి."

"ఊడితే మీ అక్క కుడుతుంది. నువ్వు నోరు మూసుకుని గియ్యరా బావమరిదీ."

బొమ్మ దాదాపు అయ్యాక అప్పటి పెద్ద అధికారి వచ్చి చూశాడు. చేతులు వెనక్కి పెట్టుకుని, నది చూసి, పడవలు చూసి, చివరికి సేనాని దగ్గర ఆగాడు.

"ఎవరీయన?"

"ఊహించి వేశానండీ."

"ఊహెందుకు? నేనున్నాగా."

నిజమే, ఆయన ఉన్నాడు. ఆయన ముఖం ఎక్కింది. కింద ఖైదీ ముఖం ఇంకా ఖాళీగానే ఉంది. దానికి మనిషిని వెతికే వ్యవధి లేదు, గోడకి మేకులు కొట్టేశారు. చేతిలో ఉన్నవి బావ ముఖం గీసిన కాగితాలే. తల కాస్త వంచితే సరిపోయింది. అలా మధ్యాహ్నం భోజనాల వేళకి బావ యుద్ధంలో ఓడిపోయాడు. సైన్యంలోకి ఎలాగోలా చేరాడు కూడా. ఖైదీగా చేరడానికి పాదాల పరీక్ష లేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే బావ వాకిట్లోనే అడిగాడు. "ఎలా వచ్చానోయ్?"

"బాగా వచ్చావు బావా."

ఆ మాటలో అబద్ధం లేదు. అంత బాగా అతని చేతిలో ఇంకెవరూ రాలేదు. ముందూ రాలేదు, తరవాతా రాలేదు. మిగతా సంగతి రేపు చెబుదామనుకున్నాడు. రేపటికి బావ మంగలి షాపులోనూ బళ్ళోనూ పాలవాడికీ చెప్పేశాడు. "మా బావమరిది నన్ను సేనానిని చేశాడయ్యా! వద్దంటే వినడే!" ఆ బొమ్మ ఉన్నది మ్యూజియం ఆవరణలోని అధికారుల భవనంలో. బయటివాళ్ళకి ప్రవేశం లేదు. చిత్రకారుడైన అతనే వెనక గుమ్మంలోంచి వెళ్ళేవాడు. కాబట్టి చెప్పకపోయినా ఎవరికీ ఏమీ కాలేదు. కొన్నాళ్ళకి చెప్పడమే వింతగా అనిపించేంత కాలం గడిచింది.

అధికారి మారినప్పుడల్లా సేనాని ముఖమూ మారింది. గోకడానికి వ్యవధి ఇచ్చేవారు కాదు, ఒకరి మీద ఒకరిని వేస్తూ పోయాడు. ఒకాయన కళ్ళజోడు మీద ఇంకొకాయన కనుబొమలు, ఆయన బట్టతల మీద తరవాతాయన జుట్టు. చివరాయనకి బుర్రమీసం. ఇప్పుడక్కడ రంగు అట్టలా లేచి ఉంది. పక్కనుంచి వెలుగు పడితే సేనాని ముఖానికి దానిదైన నీడ ఒకటి పడుతుంది. ఖైదీ ముఖం దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. అది ఒక్కసారి వేసిందే. పల్చగా, కింద బట్ట అల్లిక కనిపించేంత పల్చగా ఉంటుంది. పని లేనప్పుడు అతను వెళ్ళి దాన్ని చూసి వచ్చేవాడు. ఎందుకు చూస్తున్నాడో ఎవరూ అడగలేదు. తనూ అడుక్కోలేదు.

పోయిన చలికాలం బావకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. నోరు ఒక పక్కకి జారింది. మాట ఉంది కాని ఒక్కొక్కటే, మూటలు దించినట్టు దిగుతుంది. ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో ఒకసారి అద్దంలో చూసుకున్నాడు. మర్నాడు అక్క ఆ అద్దం తీసి బీరువా వెనక పెట్టేసింది. పాత ముఖం చూసుకుందామంటే ఫోటోలు కూడా లేవు. ఫోటోవాడు మీట నొక్కేటప్పటికి బావ ఎప్పుడూ కళ్ళు మూసేవాడు. పెళ్ళి ఫోటోలో కూడా అంతే. "ఆ మాత్రం ముందే జాగ్రత్తపడ్డారు" అనేది అక్క.

ఇప్పుడేమో ఆ దేశంతో స్నేహం కుదిరింది. రేడియోలో వాళ్ళని శత్రువులనడం మానేసి పొరుగువారంటున్నారు. అధికారుల భవనం మొత్తాన్ని జనానికి తెరుస్తున్నారు. ప్రారంభం రోజున పొరుగుదేశం పెద్దలు వస్తారు. పనిచేసేవాళ్ళ కుటుంబాలు కూడా రావచ్చు.

ఆ కబురు అతను ఇంట్లో చెప్పలేదు. పక్కవాటా టైలరు చెప్పాడు.

"మాస్టారూ! ఇంక మీ బొమ్మ మేమంతా చూడొచ్చన్నమాట! ఆ యూనిఫారం కుట్టు ఎలా ఉందో నేను చూడాలి."

బావ దిండ్ల మధ్యనుంచి ఎడమచెయ్యి ఎత్తాడు. "నన్ను... తీసుకెళ్ళు."

"చక్రాల కుర్చీ ఉందిగా, నేను తోస్తా!" అన్నాడు టైలరు.

"మీ బావ ఇవాళ జావ మొత్తం తాగేశారురా, తెలుసా?" అంది అక్క తరవాత వంటింట్లో, గొంతు తగ్గించి. "బొమ్మ చూడ్డానికి వెళ్ళాలంటే నిటారుగా కూర్చోవాలంట. మళ్ళీ మొదలెట్టారు అటెన్షనూ అదీ."

"చాలా జనం ఉంటారక్కా. తోపులాట."

"ఉంటే ఉండనీ."

"మెట్లున్నాయి."

"మెట్లు లేవని టైలరు కనుక్కొచ్చాడు." ఆవిడ గిన్నె తోమడం ఆపి చూసింది. "ఏం, ఆయన్ని ఇలా తీసుకెళ్ళడం నీకు నామోషీగా ఉందా?"

"అబ్బే, అది కాదు."

"మరేది?"

అతను నీళ్ళ బిందె మీద మూత సర్దాడు. అక్క దాన్ని నామోషీగానే లెక్కవేసుకుని గిన్నెని అవసరమైనదానికంటే గట్టిగా తోమింది.

కొత్త డైరెక్టరు సైన్యంలో పదవీవిరమణ చేసినవాడు. చాలా మర్యాదస్తుడు. అరవడానికి బదులు ఎదుటివాణ్ణి కూర్చోమంటాడు. ఆయన బల్ల మీద పొరుగుదేశం మ్యూజియంవాళ్ళు పంపిన రంగుల పుస్తకం ఉంది.

"కూర్చోండి ఆర్టిస్టు గారూ. ఇది చూడండి."

చూశాడు. నదొడ్డు. వాళ్ళ సేనాని నిలబడి దూరంగా చూస్తున్నాడు. మోకాళ్ళ మీద ఉన్నది మనవాడు. నీళ్ళసీసా అదే వంపులో ఉంది. మనవాడికి పైనుంచి రెండో గుండీ లేదు. చేతులు వీపు వెనక.

"వాళ్ళ ఆర్టిస్టుకి కూడా చేతులు రావు సార్" అన్నాడు అతను.

"అది కాదండీ నేననేది. వాళ్ళు వచ్చి మనది చూస్తారు. అందులో మోకాళ్ళ మీద ఉన్నది వాళ్ళవాడు. అందుకని రెండు మార్పులు. మన సేనాని ఫలానా అధికారిలా ఉండకూడదు. సామాన్యమైన ముఖం కావాలి. ఎవరికీ చెందని ముఖం."

"సరే సార్."

"ఖైదీ అలా కిందికి చూడకూడదు. తలెత్తి మనవాడికేసి చూడాలి. ముఖంలో కృతజ్ఞత కనిపించాలి. మరీ ఎక్కువ కాదు, వాళ్ళు నొచ్చుకుంటారు. అలాగని తక్కువ అయితే మనవాళ్ళు నొచ్చుకుంటారు. మధ్యస్థంగా."

అంటే బావ ముఖం పోతుంది. తల ఎత్తాలంటే మెడ మారాలి, మెడ మారితే దవడ, దవడతో పాటు మిగతా అంతా. ఆ మాట మనసులో అనుకోవడానికి అతనికి కొంచెం సేపు పట్టింది. ఈలోగా నోరు దానంతటదే పని చేసింది.

"ప్రారంభానికి ఆరదు సార్."

"ఏది?"

"కృతజ్ఞత. నూనెరంగు. తల మొత్తం కొత్తగా వెయ్యాలి, మందంగా పడుతుంది. వారాలు కావాలి. వచ్చినవాళ్ళ కోటుకి అంటుకుంటుంది."

డైరెక్టరు ఆ దృశ్యాన్ని ఊహించుకున్నాడు. "మరి సేనాని?"

"సేనాని తొందరగా ఆరతాడు సార్. పైపైన వెయ్యడమేగా."

"అయితే ముందు సేనాని కానివ్వండి. కృతజ్ఞత సంగతి వాళ్ళు వెళ్ళాక చూద్దాం."

డైరెక్టరు ఆఫీసు మెట్లు దిగుతుంటే ఒక ఆలోచన వచ్చింది. సేనాని ముఖం ఎవరికీ చెందకూడదన్నారు. బావ ముఖం ఏ అధికారికీ చెందదు. మళ్ళీ పైకి ఎక్కించేస్తే? ఇన్నేళ్ళూ బావ ఊరందరికీ చెప్పింది నిజమైపోతుంది. చెప్పాల్సిన అవసరమే ఉండదు. ఇంత తేలిగ్గా తెగే ముడి కోసం ఇన్నాళ్ళు మెడ వంచుకు తిరిగానా అనుకుని ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్ళాడు. అతనికి ఈల వెయ్యడం రాదు. వీధిలో ఒకరిద్దరు తిరిగి చూశారు.

"బావా, ఒకసారి కూర్చుంటావా? ముఖం కొంచెం బాగు చెయ్యమన్నారు."

బావ కళ్ళు వెలిగాయి. అక్క వీపు వెనక దిండ్లు సర్ది, పడిపోయిన చేతిని ఒళ్ళో పెట్టింది. బావ మెడ నిటారు చేశాడు. కిటికీకేసి, ఇంకా కిటికీ అవతలకి చూపు సారించాడు.

"అటు చరిత్ర లేదు బావా. పక్కింటివాళ్ళ డ్రమ్ముంది."

"డ్రమ్మే... చరిత్ర... నువ్వు... గియ్యి."

గియ్యడం మొదలుపెట్టాడు. నుదురు వచ్చింది, కళ్ళు వచ్చాయి. నోటి దగ్గర పెన్సిలు ఆగింది. ఉన్నదున్నట్టు గీస్తే సేనాని నోరు జారిపోతుంది. జారింది ఎత్తి గీస్తే ఎదురుగా కూర్చున్న మనిషి మూతిని తన చేత్తో పట్టుకుని సరిచేసినట్టు ఉంది. ఇంతసేపు ఆయన ముఖంలోకి చూడక చాలా కాలమైందని అప్పుడు తెలిసింది. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు ఎప్పుడూ పక్కకి చూస్తూనే మాట్లాడుకునేవారు. వేళాకోళాలకి ముఖాలతో పని లేదు. జబ్బు చేశాక వేళాకోళాలు తగ్గాయి. వాటి చోటులోకి చూపులు మాత్రం రాలేదు.

తను ఒక మనిషిని నిజంగా చూసింది ఆ ఖైదీ ముఖం వేసేటప్పుడే. సేనాని ముఖానికి చూడనక్కర్లేదు. సేనాని ఎవరినీ చూడడు, ఎవరూ సేనానిని చూడరు, మెచ్చుకుంటారు అంతే. ఖైదీ ముఖం ఎవరికీ పట్టదు కాబట్టి అక్కడ తన ఇష్టమొచ్చినట్టు ఉండగలిగాడు. ఎడమ కనుబొమ మీద విజిలు తాడు తగిలి కోసుకున్న గీత కూడా వేశాడు. కుర్రాళ్ళని తిట్టి వచ్చిన సాయంత్రాలు బావ గుమ్మంలో చెప్పులు విప్పుతూ తల వంచుకునేవాడే, ఆ వంపు అది. దాన్ని చూసినవాళ్ళు ఇంట్లో ఇద్దరే. అక్క దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. అతను దాన్ని తీసుకెళ్ళి అధికారుల గోడ మీద పెట్టాడు.

బావకి చెప్పడమంటే ఇది చెప్పడం. నిన్ను ఖైదీని చేశానని చెప్పడం పెద్ద పనేం కాదు. బావ నాలుగు తిడతాడు, అంతే. నిన్ను అంతగా చూశాను అని చెప్పడం ఎలా? ఆ ఇంట్లో అలాంటి మాటలకి చోటు లేదు. మంచాలు, బీరువా, కుట్టుమిషను పోగా మిగిలిన చోటులో మనుషులు ఒకరినొకరు తప్పుకుంటూ తిరగడం అలవాటు చేసుకున్నారు.

"అయిందా?" అంది అక్క.

"వెలుగు చాలటం లేదక్కా" అని కాగితం మడిచేశాడు.

మర్నాడు నిచ్చెనెక్కి సేనానికి మీసం తీసేశాడు. ఇంకేమీ చెయ్యలేదు. మీసం తీసేస్తే అందరూ సామాన్యులే. డైరెక్టరు కిందనుంచి చూసి, "అద్భుతం, ఎవరిలాగా లేడు" అన్నాడు.

నిచ్చెన దిగి దూరంగా వెళ్ళి చూశాక అతనికి ఇంకో సంగతి తట్టింది. బావకి మీసం ఎప్పుడూ లేదు. సేనాని ముఖమంతా అట్టలా లేచి గీతలన్నీ మొద్దుబారిపోయాయి. అది బావే అని ఎవడైనా నమ్మాలనుకుంటే నమ్మొచ్చు. బావ నమ్ముతాడు. అక్క నమ్ముతుంది. తను అబద్ధం ఆడక్కర్లేదు, ఏమీ చెయ్యక్కర్లేదు. ఏమీ చెయ్యకపోవడంలో అతనికి మంచి అనుభవం ఉంది. బావ వస్తాడు, ఎవడో ఒక సామాన్యుణ్ణి తనే అనుకుని చూసుకుంటాడు, సంతోషంగా వెళ్ళిపోతాడు. ఆ పక్కనే తన అసలు ముఖం, నోరు జారని ముఖం, ఈ లోకంలో ఇంకెక్కడా లేని ముఖం ఉంటుంది. దాన్ని చూడకుండానే వెళ్ళిపోతాడు. పెద్దలు వెళ్ళాక దాని మీదికి మధ్యస్థమైన కృతజ్ఞత ఎక్కుతుంది. తరవాత చూపించడానికి ఏమీ ఉండదు.

ప్రారంభం ఉదయం అక్క బావకి తెల్లచొక్కా తొడిగింది. టైలరు ముందురోజే కుడిచెయ్యి సులువుగా దూరేలా చంక కుట్టు విప్పి వదులు చేసిచ్చాడు. దారి పొడుగునా కుర్చీ తోస్తూ తనే సేనాని అయినట్టు జనాన్ని అదిలిస్తూ నడిచాడు. "జరగండి, జరగండి! బొమ్మలో ఆయన వస్తున్నారు!"

"మీరు కాస్త ఊరుకోండి" అంది అక్క. ఊరుకోమన్న గొంతు కాదు.

హాల్లో కొత్త సున్నం వాసన, నూనెరంగు వాసన కలిసిపోయి ఉన్నాయి. పొరుగుదేశం పెద్దలు అప్పటికే పెద్దబొమ్మ ముందు వరసగా నిలబడ్డారు. డైరెక్టరు నది గురించీ, ఉదారత గురించీ, సంస్కారం గురించీ చెబుతున్నాడు. వాళ్ళు తలలూపారు. చూసిందే మళ్ళీ చూస్తున్నవాళ్ళ ఊపు అది. వాళ్ళలో ఒక ముసలాయన ముందుకి వంగి ఖైదీ చొక్కా పరీక్షగా చూసి, తన పక్కాయన చెవిలో ఏదో అని తన కోటు రెండో గుండీ తడుముకున్నాడు. ఇద్దరూ నవ్వాపుకున్నారు. తరవాత ఫిరంగుల గదికి వెళ్ళిపోయారు.

బొమ్మ ముందు చోటు ఖాళీ అయింది. టైలరు కుర్చీని తిన్నగా సేనాని ముందుకి తోసి, చక్రానికి బ్రేకు వేశాడు.

"ఇదిగో మాస్టారూ, మీరు!"

బావ తల ఎత్తాడు. బాగా ఎత్తాల్సి వచ్చింది. కూర్చున్న మనిషికి సేనాని చాలా ఎత్తులో ఉన్నాడు. అక్క మెడ వెనక చెయ్యి వేసి ఆసరా ఇచ్చింది.

"అచ్చం మీరే" అంది. "ముక్కు చూడండి. మీ ముక్కే."

"ముక్కు ఓకే" అన్నాడు టైలరు. "కాలరు మాత్రం బిగించేశారు. ఊపిరాడదు. నన్నడిగుంటే వేలు దూరేంత వదులు పెట్టమనేవాణ్ణి."

బావ చూస్తున్నాడు. అతను కుర్చీ వెనక, బావకి కనపడనిచోట నిలబడి ఆ వెనకతలనే చూస్తున్నాడు. జుట్టు అక్కే కత్తిరించింది, వంకరగా.

"వీడు..." అన్నాడు బావ. ఆగి మళ్ళీ ఎత్తుకున్నాడు. "వీడు... ఎవర్నీ... చూడ్డం లేదేరా?"

పని నేర్పిన మాస్టారి మాట అతని పెదవుల దాకా వచ్చింది. గెలిచినవాడు చరిత్రకేసి. అక్కడే ఆగింది.

"సేనాని కదండీ" అంది అక్క. "అంత దూరంగా చూడాలి వాళ్ళు. బోలెడు పనులుంటాయి."

"నీళ్ళు... ముక్కులో... పోతాయ్."

టైలరు పకపకా నవ్వాడు. అక్క కూడా నవ్వింది. బావ నవ్వలేదు. ఎడమచేత్తో తన చెంప తడుముకున్నాడు. జారిన నోటి మూల దాకా వెళ్ళిన వేళ్ళు అక్కడ కాసేపు ఆగాయి.

"నేను... ఇలా... ఉండేవాణ్ణా?"

అడిగింది అక్కని. ఆవిడ బొమ్మకేసి చూసింది, భర్తకేసి చూసింది. నలభై ఏళ్ళు ఎదురుగా తిరిగిన ముఖం గుర్తుకి తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు కళ్ళు చికిలించింది.

"ఉండేవారు" అంది చివరికి.

బావ తల ఊపాడు. సరేనని సామాను అప్పగించి వెళ్ళిపోయే మనిషి ఊపేలా ఊపాడు. "చాలు... పదండి."

"అప్పుడేనా? ఇంకా ఫిరంగులున్నాయి మాస్టారూ!" అంటూ టైలరు ఫిరంగుల గది ఎటో చూడ్డానికి గుమ్మం దాకా వెళ్ళాడు. అక్క చెంగుతో బావ గడ్డం తుడవడానికి వంగింది.

ఇంకొక్క నిమిషం ఊరుకుంటే అయిపోతుంది, అనుకున్నాడు అతను. టైలరు వచ్చి కుర్చీ వెనక్కి తిప్పుతాడు. సాయంత్రం బావ జావ తాగొచ్చు, తాగకపోవచ్చు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. ఇంటికి వెళ్ళాక బాగా వచ్చావు బావా అని తనే అంటాడు, వెనకటిలాగే, నిజమే చెప్పినట్టు. అలా అనుకుంటుంటే తన చూపు కూడా ఎటో దూరంగా, బొమ్మలో నదికి అవతల ఏమీ వెయ్యకుండా వదిలేసిన చోటికి పోయి ఉందని గమనించాడు. అక్కడ చూడ్డానికి ఏమీ లేదు. బద్ధకించి బూడిదరంగు పులిమేశాడు.

బొమ్మలో ఎడమపక్క, మోకాళ్ళ మీద ఉన్నవాడి ముఖం నిలబడ్డవాళ్ళకి చాలా కింద. కూర్చున్నవాడికి మాత్రం సరిగ్గా ఎదురు.

అతను వంగి బ్రేకు తీసి, రెండు చేతులతో కుర్చీని కొంచెం ఎడమకి తిప్పాడు.